తిరుగుపరుగు

2014 జూలై 9వ తేదీన బ్రెజిల్ దేశపు సావో పాలో నగరమున ప్రపంచ కప్పు సెమీఫైనలు ఆట తొంబది నిమిషములు దాటి, ఇరుపక్షములకును ఒక్క గోలైనను లేక, ప్రేక్షకులు అదనపు సమయమునకై మనస్సును సిద్ధపరచుకొనుచున్న వేళ, నెదర్లాండ్స్ ఆటగాడు స్నైడర్ మడమతో నెట్టిన బంతి నందుకొని రాబెన్ అర్జెంటీనా పెనాల్టీ ప్రాంతములోనికి దూసికొనిపోయెను. బంతిని ఒక్కసారి సరిచేసికొని అతడు కాలెత్తునంతలో, వెనుకనుండి పరుగెత్తివచ్చిన మస్చెరానో నేలమీద జారి, కాలు చాచి ఆ తన్నును అడ్డగించెను. బంతి కార్నరుకు పోయినది. ఆట పెనాల్టీల దాక సాగి 4–2 తేడాతో అర్జెంటీనా ఫైనలు చేరినది.

ఆ జారుటను లోకము జ్ఞాపకముంచుకొన్నది. పత్రికలలో వచ్చిన ఛాయాచిత్రములన్నియు దానివే. కాని ఆ జారుటకు పూర్వము కొన్ని గజముల పరుగొకటి కలదు. దానికిని పూర్వము, బంతి స్నైడర్ కాలిని తాకక మునుపే, ఈ దారిన అపాయము రాగలదని పసిగట్టిన చూపొకటి కలదు. ఆ రెండును లేనిచో జారుటకు చోటే యుండదు. ప్రత్యర్థి తనను దాటిపోయిన పిమ్మట, లేదా తన పక్షము బంతిని పోగొట్టుకొని తాను బంతికి ముందుభాగమున చిక్కుపడిన పిమ్మట, డిఫెండరు మరల బంతికిని తన గోలుకును నడుమకు చేరుటకై తీయు పరుగును కోచ్‌లు రికవరీ రన్ అందురు. తెలుగున తిరుగుపరుగు అనినచో భావమునకు లోపము రాదని తలచి ఆ మాటనే వాడుచున్నాను. ఈ విద్య నేర్పదగినదేనా, నేర్పదగినదైనచో కాళ్లకు నేర్పవలెనా కన్నులకు నేర్పవలెనా అన్నదే ఇచ్చట విచారణీయాంశము.

ఆటకు ఈ పరుగుతో ఇంతటి పని యెప్పుడు పడినదని వెదకినచో 1925వ సంవత్సరముకడ ఆగవలసియుండును. అంతకు పూర్వపు ఆఫ్‌సైడ్ నిబంధన ననుసరించి, బంతి నందుకొను ఫార్వర్డునకును గోలురేఖకును నడుమ ప్రతిపక్షమువారు ముగ్గురైనను ఉండితీరవలెను. కనుక ఇద్దరు బ్యాక్‌లలో ఒకడు ధైర్యముగా ముందుకుపోయి ఉచ్చు పన్నినను, ఆ ఉచ్చు తెగినచో వెనుకనున్న రెండవవాడు కాచుకొనియుండెడివాడు. న్యూకాసిల్ జట్టున మెక్‌క్రాకెన్ అను బ్యాక్ ఈ ఉచ్చు పన్నుటయందు ఎంతటి ప్రవీణుడనగా, నిబంధన మారుటకు అతడే కారణమని నేటికిని చెప్పుకొందురు. 1925లో ముగ్గురను సంఖ్య ఇద్దరుగా మారినంతనే ఇంగ్లండు ఫుట్‌బాల్ లీగున ఒక సీజనులో 4,700గా నున్న గోళ్ల సంఖ్య మరుసటి సీజనునకు 6,373 ఆయెను. గోలుకీపరు సామాన్యముగా వెనుకనే యుండును గావున, ఇక ముందుకు తప్పటడుగు వేసిన బ్యాక్ వెనుక కాపు కాచువాడు లేడయ్యెను. తప్పిదమును తన కాళ్లతో తానే దిద్దుకొనవలసి వచ్చెను. ఆర్సెనల్ జట్టున చాప్‌మన్ సెంటర్ హాఫ్‌ను వెనుకకు దించి ఇద్దరు బ్యాక్‌ల నడుమ మూడవ బ్యాక్‌గా నిలిపిన ఏర్పాటు దీనికి విరుగుడుగా వచ్చినదే.

ఇటలీవారు కనిపెట్టిన విరుగుడు మరియొక తీరుది. అందరికిని వెనుక, ఎవ్వరిని కాచుకొను బాధ్యతయు లేని లిబెరోను ఒకనిని నిలిపినచో, ముందున్నవాడు ఓడినను వెనుకకు పరుగిడు అవసరమే తగ్గిపోవును. 1964, 1965 సంవత్సరములలో యూరోపియన్ కప్పు గెలిచిన ఇంటర్ జట్టున పిక్కీ ఈ స్థానమున నుండెను. అదే నగరపు మిలాన్ జట్టును అరిగో సాక్కి చేపట్టి లిబెరోను తొలగించి, డిఫెండర్ల వరుసను ముందుకు జరిపి, వెనుకవారికిని ముందువారికిని నడుమ దూరము సుమారు 25 మీటర్లకు మించరాదని శాసించినప్పుడు, డిఫెండర్ల వెన్నునంటి విశాలమైన మైదానము ఖాళీపడెను. 1989, 1990లలో ఆ జట్టు గెలిచిన యూరోపియన్ కప్పులకు ఆ ఖాళీయే మూల్యము. నేడు సైడు బ్యాక్‌లు సైతము రెక్కలు కట్టుకొని ప్రత్యర్థి గోలుదాక పోవుచుండగా ఆ మూల్యము ఇంకను పెరిగినది. వరుస యెంత ముందున్నదో తిరుగుపరుగు అంత దీర్ఘము. ఈ లెక్క తెలియక, పెద్ద జట్లను చూచి వరుసను ముందుకు నెట్టి, వెనుకకు వచ్చు విద్య నేర్పని కోచ్‌లు పెక్కుమంది కలరు.

ఇక శిక్షణ విషయమున వ్యాప్తిలో నున్న మతములను చూతము. మొదటిది వేగమతము. డిఫెండరు వేగవంతుడైనచో తప్పిదములన్నియు మాసిపోవునని వీరి నమ్మకము. దీనికి నిదర్శనముగా వారు చూపదగిన ఆటగాండ్రు లేకపోలేదు. టాటెన్‌హామ్ డిఫెండరు వాన్ డె వెన్ 2024 జనవరిలో బ్రెంట్‌ఫర్డ్‌తో ఆడుచు గంటకు 37.38 కిలోమీటర్ల వేగమును అందుకొనెను. అనగా సెకనుకు పది మీటర్లకు పైమాట. అట్టివానికి తిరుగుపరుగు గూర్చి ఉపన్యసించుట చేపకు ఈత నేర్పుటయే. కాని అట్టివారు ప్రపంచమున ఎందరు? సామాన్యులైన ఇద్దరిని తీసికొందము: ఒకడు సెకనుకు 7 మీటర్లు, రెండవవాడు 7.5 మీటర్లు పరుగెత్తగలవారనుకొనుడు. 30 మీటర్ల దూరమునకు మొదటివానికి 4.3 సెకన్లు, రెండవవానికి 4 సెకన్లు పట్టును. ఏండ్ల తరబడి వ్యాయామము చేసి సంపాదింపవలసిన ఈ వేగాధిక్యము విలువ సెకనులో మూడవ వంతునకు తక్కువ. బంతి పోయినదని గ్రహించి వెనుదిరుగుటకు ఆటగాండ్రు వృథాచేయు కాలమో? చేతులు పైకెత్తి రెఫరీని అడుగుట, పాసు తప్పిచ్చిన తోడివానివైపు కోపముగా చూచుట, ఓడితినే యని ఒక్కక్షణము తల వంచుకొనుట, వీనిలో ఏ యొక్కటియైనను అర సెకనును మ్రింగివేయును. మందగమనుడైనను తక్షణమే తిరిగినవాడు, శీఘ్రగామియైనను చింతించుచు నిలిచినవానికంటె ముందుగా చేరును. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుటయేగదా యని ఈ పరుగును తేలికచేయువారు కలరు. ఫుట్‌బాల్ ఆటలో చేతులు నిమిషమున కొకమారు కాలుచునే యుండును, ఆకులు ఎంత త్వరగా దొరికినవన్నదే ప్రశ్న.

రెండవది మార్గమతము. నా దృష్టిలో శిక్షణకు సారభూతమైనది ఇదియే. పసివాడు సహజముగా బంతి వెంట పరుగెత్తును; దాటిపోయినవాని వీపును చూచుచు వాని అడుగులో అడుగు వేయును. అతడు వానిని ఎన్నడును అందుకొనజాలడు. బంతి పోవుచోటికి గాక, బంతి రాక తప్పని చోటికి పరుగెత్తవలెను. మైదానము పొడవు 105 మీటర్లు, వెడల్పు 68 మీటర్లు. గోలు వెడల్పు మాత్రము 7.32 మీటర్లు. ఎంత దూరమున పక్కరేఖ వెంబడి విజృంభించిన వింగరైనను, గోలు చేయదలచెనేని ఆ ఏడు మీటర్ల సందునకే రావలసియున్నాడు. మధ్యరేఖకును పక్కరేఖకును కలియుచోటనుండి గోలు నడిబొడ్డునకు సూటిగా 62 మీటర్ల పైచిలుకు. మైదానపు నడిమినుండి యైనచో 52 మీటర్లన్నర. వింగరు పక్కరేఖ వెంట తుదిదాక పోయి లోనికి తిరిగెనా, అతని ప్రయాణము 86 మీటర్లన్నర. పైగా బంతిని కాలితో నడుపువాడు ఖాళీకాళ్లవానికంటె మెల్లగానే పోవును. కాబట్టి పందెము చూపునకు కనబడునంత అన్యాయమైనది కాదు. అతని వీపును విడిచి గోలును చూచి పరుగెత్తినవానికి పది మీటర్లు ఊరక కలిసివచ్చును.

దీనినుండియే కోచ్‌లు పాఠముగా చెప్పు సూత్రములు పుట్టినవి. పక్కభాగమున ఓడిన బ్యాక్ దగ్గరి గోలుస్తంభముదెసకు పరుగెత్తవలెను. నడుమ ఓడినవాడు పెనాల్టీ గుర్తుదెసకు రావలెను. బంతికి ఎదుటి పార్శ్వమున నున్నవాడు దూరపు స్తంభమును లక్షించి, బంతిని, తన వెనుకకు జారు ఫార్వర్డును ఒక్క చూపున పట్టునట్లుగా లోనికి ముడుచుకొనవలెను. ఇంగ్లండు ఫుట్‌బాల్ అసోసియేషనుకై 1967లో ఆలెన్ వేడ్ వ్రాసిన శిక్షణగ్రంథము ఆలస్యపరచుట, లోతు కల్పించుట, సమతౌల్యము నిలుపుట మొదలగు రక్షణసూత్రములను క్రమబద్ధము చేసిన నాటినుండి ఈ దారులకు తర్కమొకటి యేర్పడెను. అయితే వీనిని పటమునందు గీతలవలె కంఠస్థము చేయించుట పొరపాటు. దారిలోనే బంతి స్థానము మారును. నాలుగడుగుల కొకమారైనను భుజముమీదుగా తల త్రిప్పి చూడనివాడు గోలుస్తంభమును చేరి, ఎవ్వరును లేనిచోట నిష్ఠగా కావలి కాచుచుండును. అట్టి భక్తులను ప్రతి మైదానమునను చూడవచ్చును.

పక్క యెట్లు ఎంచుకొనవలెనన్నదియు మార్గమునకు సంబంధించినదే. 2014 ఏప్రిల్ 16న వాలెన్షియాలో జరిగిన స్పెయిన్ రాజకప్పు ఫైనలున రియల్ మాడ్రిడ్ వింగరు బేల్ మధ్యరేఖకడ బంతిని ముందుకు నెట్టి, బార్సిలోనా డిఫెండరు బార్త్రా భుజముతో త్రోసివేయగా పక్కరేఖకు వెలుపల అర్ధవృత్తాకారముగా పరుగిడి, లోపలిదారిన పోవుచున్న బార్త్రాను మించి గోలు చేసెను. బార్సిలోనాకు సమానపు గోలు సంపాదించిపెట్టినవాడు ఆనాడు ఈ బార్త్రాయే యగుట విధివిలాసము. అతడెన్నుకొన్న లోపలిదారి శాస్త్రసమ్మతమే. కాని త్రోపునందు నమ్మకముంచి, మొదటి మూడడుగులు పూర్తివేగముతో వేయకపోయెనని నాకు తోచును. మార్గము తెలిసినను కాలము తప్పినచో ఫలము లేదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

చేరిన పిమ్మట చేయవలసిన పని వేరు విద్య. చేరుటకై వేగము తెచ్చుకొన్నవాడు ఆ వేగముతోనే ప్రత్యర్థిపై పడినచో, ఒక్క మెలికకు మరల ఓడును. 1986 జూన్ 22న మెక్సికోలో ప్రపంచ కప్పు ఆటలో అర్జెంటీనా ఆటగాడు మారడోనా రెండవ గోలు చేసినప్పుడు ఇంగ్లండు డిఫెండరు బుచర్ మొదట ఒకమారు తప్పి, తిరిగి వెంటాడి వచ్చి, కడపటి క్షణమున కాలు చాచినను బంతి అప్పటికే కాలిని విడిచెను. ఆ పరుగును నిందింపరాదు. నిందింపవలసినది అది ఎల్లప్పుడును ప్రక్కవెనుకనుండి సాగుట. మన చెడుగుడులో కూతకు వచ్చినవానిని వెనుకనుండి నడుము పట్టినవాడు వీరుడు; ఫుట్‌బాల్‌లో వెనుకనుండి పట్టినవాడు అపరాధి. ఈ భేదమును మన పల్లెలనుండి వచ్చిన కుర్రవాండ్రకు ప్రత్యేకముగా విడమరచి చెప్పవలసియుండును.

నియమశాస్త్రము ఈ విషయమున కఠినము. స్పష్టమైన గోలవకాశమును ఫౌలుచేత చెరచినవానిని బయటికి పంపు సంప్రదాయము 1990 ప్రాంతమున దృఢపడెను. 1998 ఏప్రిల్‌లో న్యూకాసిల్‌తో ఆట 1–1గా నుండగా, మాంచెస్టర్ యునైటెడ్ ఫార్వర్డు సోల్‌షాయర్ మైదానము పొడవునను వెంటాడి, గోలునకు ఒంటరిగా పోవుచున్న రాబ్ లీని పడగొట్టి, ఎర్రకార్డునకు తల యొగ్గి నిష్క్రమించెను; దానిని త్యాగమందురో కాపట్యమందురో పాఠకుల యిష్టము. 2016లో నిబంధనను సడలించి, పెనాల్టీ ప్రాంతమున బంతికై నిజముగా ప్రయత్నించుచు చేసిన ఫౌలునకు పెనాల్టీతోబాటు పసుపుకార్డు చాలుననిరి. పట్టిలాగుటకు, త్రోయుటకు ఆ సడలింపు లేదు. అవకాశము స్పష్టమా కాదా యని తేల్చుటకు రెఫరీ చూడవలసినవానిలో డిఫెండర్ల స్థానము, సంఖ్య అనునవి కూడ కలవు. కనుక బంతిని తాకకయే, కేవలము తోడివాని వెనుకకు వచ్చి చేరిన రెండవ డిఫెండరు ఆ తోడివానిని ఎర్రకార్డునుండి కాపాడవచ్చును. 2021 జూలై 11న యూరో ఫైనలున తనను దాటిన ఇంగ్లండు ఆటగాడు సాకాను ఇటలీ డిఫెండరు కియెల్లిని చొక్కా పట్టి వెనుకకు లాగి పసుపుకార్డుతో బయటపడినది అవతల గోలు బహుదూరమున నుండుటవలననే. ఆ దృశ్యమును చూచి నవ్వని వారు లేరు. పిల్లలకు చూపదగిన పాఠము మాత్రము కాదు.

పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలుచుండి నీళ్లు త్రాగుట మేలను సామెత ఈ విద్యలో అక్షరాల చెల్లును. 2019 మార్చి 31న లివర్‌పూల్ మైదానమున ఆట 1–1గా నుండి ముగింపునకు వచ్చిన వేళ, టాటెన్‌హామ్‌వారు సిసోకో, సన్ ఇద్దరును వాన్ డైక్ ఒక్కనిపై వచ్చిపడిరి. అతడు ఇద్దరిలో ఎవ్వరిమీదికిని దూకక, సన్‌కు పోవలసిన పాసుదారిని తన దేహముతో మూసి, వెనుకకు వెనుకకు జరుగుచు, సిసోకో తన బలహీనమగు ఎడమకాలితో తన్నక తప్పని స్థితి కల్పించెను. బంతి గోలుదూలముమీదుగా పోయెను. లివర్‌పూల్ 2–1తో గెలిచెను. నిలిచినవాడు ఆలస్యపరచిన ప్రతి సెకనును తిరిగివచ్చువారికి ఏడెనిమిది మీటర్ల దానమే. కాబట్టి తిరుగుపరుగును ఒంటరి పరుగుగా నేర్పుట శాస్త్రవిరుద్ధము: ముందు ఒకడు నిలుపవలెను, వెనుక ఒకడు రావలెను, వచ్చువాడు నిలుపువానికి ఏ పక్కకు ప్రత్యర్థిని నెట్టవలెనో కేకవేసి చెప్పవలెను.

సామాన్యముగా మైదానములందు జరుగు అభ్యాసము దీనికి విపరీతము. డిఫెండరును ఫార్వర్డునకు రెండు మీటర్లు వెనుక నిలిపి, ఈలవేసి, ఇద్దరిని గోలువైపు పరుగెత్తింతురు. కాళ్లకు ఇది మంచి వ్యాయామమే గాని విద్య కాదు. ఏలయన అసలు ఆటలో ఈల యెవ్వరును వేయరు. బంతి పోయిన క్షణమును తానే కనిపెట్టి కదలుట యన్న ప్రధానాంశమును ఈ అభ్యాసము కోచ్ నోటికి అప్పగించుచున్నది. దీనికంటె మేలైనది, ముగ్గురు ఫార్వర్డులకు ఎదురుగా ఇద్దరు డిఫెండర్లను నిలిపి, మూడవ డిఫెండరును పది మీటర్లు ముందు, అదియు ఒక్కొక్కమారు ఒక్కొక్క పక్కనుండి, విడిచిపెట్టుట. ఫార్వర్డులకు ఎనిమిది పది సెకన్ల గడువు. ఇద్దరును కాలము గడుపుట నేర్తురు, మూడవవాడు దారి యెంచుట నేర్చును. అంతకంటెను మేలైనది, నలుగురు నలుగురుగా చిన్న మైదానమున ఆడించుచు, బంతి పోగొట్టుకొన్న జట్టు తత్‌క్షణమే పెద్ద గోలును రక్షించుకొనునట్లు ఏర్పరచుట; ఇందు బంతి పోవుటయే ఈల.

వెనుదిరుగు ఒడుపును గూర్చి కొంత చెప్పవలెను, ఇది చిన్నవిషయముగా తోచినను. ఎదుటికి చూచుచు వెనుకకు నడచు డిఫెండరు, ప్రత్యర్థి వేగము పెంచిన క్షణమున నడుము త్రిప్పి, ఒక కాలిని రెండవదానిమీదుగా దాటించి పరుగందుకొనవలెను. ఏ పక్కకు తిరిగిన బంతి కనబడునో ఆ పక్కకే తిరుగవలెను. బంతికి వీపు చూపి తిరిగినవాడు ఒక క్షణము గ్రుడ్డివాడు. ప్రత్యర్థికి పూర్తిగా ఎదురునిలుచుటకంటె ఓరగా నిలుచున్నవానికి ఈ పని సగము ముందే అయిపోయియుండును. ఇంతకు మించి ఇందు రహస్యము లేదు, కాని పదివేలమారులు చేయవలెను.

దేహధర్మమును మరచిన శిక్షణ నిలువదు. పూర్తివేగపు పరుగునకు కండరములందు నిలువయుండు శక్తి కొద్ది సెకన్లకే చెల్లును. అది పూర్తిగా నిండుటకు నిమిషములు పట్టును. అలసినవానిచేత ఇరువదిమారులు తిరుగుపరుగు తీయించు కోచ్ నిజమునకు మెల్లగా పరుగెత్తుటనే అలవాటు చేయుచున్నాడు. ఐదారు సెకన్ల పరుగునకు అరనిమిషమునకు తక్కువగాని విరామమిచ్చి, ఆరెనిమిది మారులతో ముగించుట మేలు. మరియు తొడవెనుక కండరము తెగుట ఈ పరుగునకు నిత్యశత్రువు. మోకాళ్లపై నిలిచి, తోడివాడు మడమలు పట్టియుండగా మెల్లగా ముందుకు వాలు నార్డిక్ వ్యాయామమును డెన్మార్కు దేశమున 942 మంది ఆటగాండ్రపై పరీక్షించి 2011లో ప్రకటించిన ఫలితమున, వ్యాయామము చేసినవారిలో ఈ గాయములు 15, చేయనివారిలో 52. ఒక పైసా ఖర్చులేని ఈ సాధనను నేటికిని మన మైదానములందు చూచుట అరుదు.

తిరిగివచ్చుట ఎవ్వరి ధర్మము? డిఫెండర్లదే యనుట పాతమాట. జర్మనీ మొదటి లీగున 360 గోళ్లను పరిశీలించిన పండితులు, గోలు చేసినవాడు దానికి ముందు చేసిన పనులలో నిట్టనిలువు పరుగే అధికమనియు, 45 శాతము గోళ్లకు అది ముందు నడచెననియు, ఆ పరుగులలో మూడింట రెండు వంతులు ప్రత్యర్థి యెవ్వడును చెంతలేకయే సాగెననియు తేల్చిరి. చెంతలేనివాడు ఎవ్వడు? తరచుగా అతడు మధ్యమైదానమున నడచుచు వచ్చుచున్నవాడు. గ్వార్డియోలా నడిపిన బార్సిలోనా జట్టు బంతి పోయిన తొలి ఐదారు సెకన్లు వెనుకకు రాక బంతిమీదికే ఉరుకుట నేర్చినది. చెంతనున్నవాడు ఉరుకవలెను, దూరముననున్నవాడు తిరుగవలెను. ఈ రెంటిలో ఏదియు చేయక నడిమిదారిన జాగింగు చేయుట మాత్రము సర్వథా త్యాజ్యము.

ఈ సందర్భమున హైదరాబాదు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ స్మరణీయుడు. 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు గురువు ఆయనయే. ఆయన శిక్షణలోనే, 1952లో హెల్సింకీ ఒలింపిక్సున యుగోస్లావియా చేతిలో 1–10గా చిత్తుపడిన భారత జట్టు, 1956లో మెల్బోర్నున అదే యుగోస్లావియాతో 1–4గా ఓడినను నాల్గవ స్థానమున నిలిచినది. వృత్తిచే ఉపాధ్యాయుడగు రహీమ్, డ్రిబ్లింగు నిషిద్ధమైన పోటీలు, బలహీనపు కాలితోనే ఆడవలసిన పోటీలు ఏర్పాటుచేసి, తాను చెప్పదలచినదానిని నియమముచేత చెప్పించెడివాడు. తిరుగుపరుగునకును ఈ పద్ధతియే తగును. ఆటలో ఒక్క నియమము పెట్టుడు: గోలు పడిన వేళ ఓడిన జట్టులో ఒక్కడైనను మధ్యరేఖకు అవతల నిలిచిపోయియున్నచో ఆ గోలు రెండుగా లెక్క. మొదటివారము పిల్లలు తగవులాడుదురు, లెక్కలు తప్పుచెప్పుదురు, రేఖమీద నిలుచున్నవాడు ఇవతలివాడా అవతలివాడా యని రెఫరీని పట్టుకొందురు. రెండవ వారమునుండి కోచ్ గొంతు చించుకొననక్కరలేదు. మధ్యరేఖ నింకను దాటని సెంటర్ ఫార్వర్డును చూచి, గోలుకీపరు మొదలుకొని పదిమందియు ఒక్కమారే పేరుపెట్టి కేకవేయుదురు.